కూలి రేటు ఎవరు కడతారు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కూలి, జీతం, ఉద్యోగాల గురించినవే. రాసినవారిలో కూలి ఇచ్చేవారూ ఉన్నారు, తీసుకునేవారూ ఉన్నారు. ఒకరి ప్రశ్నకు జవాబు మరొకరి ఉత్తరంలో దొరుకుతున్నట్లు కనిపించినందువల్ల వాటిలో ఐదింటిని ఎంచి ఒకేచోట జవాబిస్తున్నాను.

ప్రశ్న: మూడెకరాల్లో మిరప వేశాను. కోతకు మనుషులు దొరకడం గగనమైపోయింది. దొరికినా కూలితో పాటు ఆటో కిరాయి కూడా మేమే పెట్టుకోవాలి. మిర్చి ధర దారుణంగా పడిపోయిన ఏడాది కూడా కూలి ఒక్క రూపాయి తగ్గలేదు. ఇదంతా ఉపాధి హామీ పని వల్లనే అని మా ఊళ్లో అందరూ అంటారు. రైతులమంతా కూర్చుని ఒక రేటు కట్టుకుంటే అది నిలుస్తుందా? (ఒక రైతు, పల్నాడు జిల్లా)

జవాబు: పంట ధర పడితే కూలి కూడా పడాలని మీరు అనుకోవడంలో తప్పు లేదు. కూలి మనిషిని ఎవరూ ఊరికే పిలవరు, పంట కోసమే పిలుస్తారు కాబట్టి, పంటకు విలువ తగ్గితే కూలికి గిరాకీ తగ్గాలి. అయితే ఈ లెక్క నారు పోసే రోజుకు సరిపోతుంది గానీ కాయ కోసే రోజుకు సరిపోదు. పండుకాయ చెట్టు మీద ఉన్న రోజుకు మీ కౌలు, ఎరువులు, పురుగుమందుల ఖర్చంతా అయిపోయి ఉంటుంది. కోసినా కోయకపోయినా అది తిరిగి రాదు. ఆ రోజు మీరు చూసుకోవలసింది ఒక్కటే: కాయ కోయించి, కల్లంలో ఆరబెట్టి, తాలుకాయ ఏరించి, యార్డుకు చేర్చడానికి అయ్యే ఖర్చు, అమ్మితే వచ్చే సొమ్ముకంటే తక్కువా, ఎక్కువా? తక్కువగా ఉన్నంతవరకు, మొత్తం మీద నష్టపోతున్నా సరే, కోయించడమే మేలు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్ర ప్రభుత్వం, ధర పడినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చినప్పుడు కూడా చేలల్లో కోతలు సాగడానికి కారణం ఇదే. పైగా అందరి చేలూ ఇంచుమించు ఒకేసారి పండుతాయి, అందరూ అదే వారంలో కోత కూలీల ముఠాల కోసం తిరుగుతారు. అందువల్ల ఆ నెలలో కూలీలకు ఉండే గిరాకీ చెట్టు మీది కాయను బట్టే ఉంటుంది, యార్డులోని ధరను బట్టి కాదు. ధర దెబ్బ కూలీల మీద పడేది మరుసటి ఏడు, మీలాంటివారు మిరప తగ్గించి మరో పంటకు మళ్లినప్పుడు.

ఇక కూలీల వైపు చూద్దాం. మీ ప్రాంతానికి కోతలకు వచ్చేవారిలో చాలామంది కర్నూలు జిల్లా పడమటి మండలాల వారు. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మూటా ముల్లె సర్దుకుని, పిల్లలను కూడా వెంటబెట్టుకుని వస్తాయి. అక్కడ వర్షాధారపు పంటలు చేతికి వచ్చాక చేసేందుకు పని ఉండదు. ఆ కుటుంబం మీ చేనికి రావడానికి ఎంత అడుగుతుందనేది మీ చేనిలోని పని ఎంత కష్టమన్నదాని మీద కొంత, ఆ నెలలో వాళ్లకు ఇంకెక్కడ పని దొరుకుతుందన్నదాని మీద చాలా ఎక్కువగా ఆధారపడుతుంది. బెంగళూరులో భవన నిర్మాణ పని రేటు పెరిగితే, ఆ పనితో ఏ సంబంధమూ లేని మీ మిరప కోత రేటు కూడా పెరుగుతుంది. నాటు వేసే చేయి ముప్పై ఏళ్ల కిందట ఎంత వేగంగా వేసేదో ఇప్పుడూ దాదాపు అంతే వేగంగా వేస్తుంది. అయినా కూలి పెరుగుతూనే వచ్చింది. విలియం బామోల్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1960లలో సంగీత కచేరీల ఖర్చును పరిశీలిస్తూ ఇదే చెప్పాడు: వాయించేవారి వేగం పెరగకపోయినా ఇతర వృత్తుల్లో జీతాలు పెరిగినప్పుడు వారికీ పెంచక తప్పదు, లేకపోతే వాయించేవారే మిగలరు.

ఉపాధి హామీ మాటకు వస్తే, మీ ఊరివారి మాటలో నిజం కొంత ఉంది, పూర్తిగా లేదు. 2005లో చట్టమై, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఆ పథకం పనులు మన దగ్గర ఎక్కువగా వేసవిలో, చేలల్లో పని సన్నగిల్లిన నెలల్లో జరుగుతూ వచ్చాయి. కాబట్టి కోతల నడిమి వారంలో మీ కూలీని పలుగూ పారా పట్టించి లాక్కుపోయింది ఆ పథకమే అనడం చాలా సందర్భాల్లో సరికాదు. కానీ ఏడాదిలో కొన్నాళ్లయినా ప్రభుత్వ పని ఉందన్న ధీమా, మిగిలిన నెలల్లో కూడా కూలి మనిషికి బేరమాడే ధైర్యం ఇస్తుంది. దీనిని కొలిచిన పరిశీలన ఒకటి మన దగ్గరే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలిని వేలిముద్రల స్మార్ట్ కార్డుల ద్వారా చెల్లించే పద్ధతిని 157 మండలాల్లో లాటరీ వంటి క్రమంలో, కొన్నింట ముందు, కొన్నింట తర్వాత ప్రవేశపెట్టారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు ఈ రెండు రకాల మండలాలనూ పోల్చి చూశారు. చెల్లింపులు సరిగా అందిన మండలాల్లో రైతులు ఇచ్చే కూలి కూడా పెరిగింది. అంతవరకు మీ ఊరివారు చెప్పింది నిజమే. విశేషమేమిటంటే, కూలి పెరిగినా ప్రైవేటు పని దినాలు తగ్గలేదు, పెరిగాయి.

ధర పెరిగితే కొనుగోలు తగ్గాలన్న మామూలు సూత్రానికి ఇది విరుద్ధంగా కనిపిస్తుంది. జోన్ రాబిన్సన్ అనే ఆర్థికవేత్త 1933లోనే దీనికి వివరణ ఇచ్చింది. ఒక ఊళ్లో పని ఇచ్చేవారు కొద్దిమందే ఉన్నారనుకోండి. పది మంది కూలీలతో పని చేయిస్తున్న ఆసామికి పదకొండో మనిషి కావాలి, కానీ ఆ మనిషి ఇరవై రూపాయలు ఎక్కువ అడుగుతున్నాడు. అతనికి ఇరవై పెంచితే మిగిలిన పది మందీ ఊరుకోరు, వారికీ పెంచాలి. అంటే పదకొండో మనిషి వల్ల పడే అదనపు భారం ఇరవై కాదు, అతని కూలి పోను మరో రెండు వందలు. అందుకని ఆసామి పది మందితోనే సరిపెట్టుకుంటాడు. కూలి తక్కువగానూ ఉంటుంది, పనీ తక్కువగానే జరుగుతుంది. బయటి నుంచి ఏదో ఒక శక్తి అందరి కూలినీ ఒకేసారి పైకి లేపితే ఈ సంకోచం పోతుంది: రేటు ఎలాగూ పెరిగింది కాబట్టి పదకొండో మనిషిని పెట్టుకోవడానికి అడ్డం ఉండదు. అన్ని ఊళ్లూ ఇలాగే ఉంటాయనడం లేదు. పది ఊళ్ల ఆసాములు ఒకే ముఠా కోసం పోటీపడే చోట ఈ వివరణ నిలవదు. మీ మిరప కోతల సీజను బహుశా అలాంటిదే.

చివరగా మీ తీర్మానం. ఊరంతా కూర్చుని రేటు కట్టిన సందర్భాలు మన పల్లెల్లో కొత్తవేమీ కావు. అది ఎన్నాళ్లు నిలుస్తుందంటే, పండుకాయ రాలిపోతున్న మొదటి రైతు, సాయంత్రం చీకటి పడ్డాక ముఠా మేస్త్రీ ఇంటికి వెళ్లేవరకు. అతను కూలి పెంచానని ఎవరికీ చెప్పడు. ఆటో కిరాయి తానే పెట్టుకుంటానంటాడు, టిఫిను పెడతానంటాడు. మీరు ఫిర్యాదు చేస్తున్న ఆటో కిరాయి అలా పుట్టినదే. ఇంగ్లండులో 1348 నాటి ప్లేగు మహమ్మారిలో జనాభాలో పెద్ద భాగం చనిపోయి కూలీలు కరవైనప్పుడు, కూలి పాత రేటుకు మించకూడదని 1351లో పార్లమెంటే చట్టం చేసింది, ఎక్కువ అడిగినవారికి శిక్షలు పెట్టింది. అయినా కూలి పెరగకుండా ఆపలేకపోయింది. ఎక్కువ ఇచ్చి పిలుచుకున్నవారు ఆ భూస్వాములే మరి. మన రైతులు పాటించగలిగినది తీర్మానం కంటే సాధారణమైన సంగతి: విత్తే తేదీల్లో వారం పది రోజుల ఎడం పెట్టుకోవడం, ముఠాతో సీజను మొత్తానికి ముందే మాట అనుకోవడం. ముందుగా మాట అనుకున్న రైతు సీజను మధ్యలో రేటు పెరిగితే గట్టెక్కుతాడు. తగ్గితే మాత్రం చిక్కుకుంటాడు. కాకపోతే పెరిగిన కూలి మళ్లీ దిగడం అరుదు. దేశవ్యాప్తంగా జిల్లాల వారీ లెక్కలు తీసి ఆర్థికవేత్త సుప్రీత్ కౌర్ చూపించింది కూడా ఇదే: వానలు బాగా పడిన ఏడు పెరిగిన కూలి, ఆ తర్వాతి కరవులో రూపాయల్లో తగ్గదు, కూలి బదులు పని దినాలు తగ్గుతాయి.

ప్రశ్న: మా ఊళ్లో ఆడవాళ్ల కైకిలి ఒక రేటు, మగవాళ్లది ఒక రేటు. పొద్దంతా నడుము వంచి నాటు వేసేది మేము. గట్టు మీద నిలబడి నారు కట్టలు అందించే మనిషికి మాకంటే ఎక్కువ. సమాన వేతనమని చట్టం ఉందంటారు, అది ఏమైంది? (ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా)

జవాబు: చట్టం ఉందమ్మా. సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. ఆ నియమాన్నే 2019 వేతనాల కోడ్‌లో చేర్చారు. అయితే అది చెప్పేది ‘ఒకే పనికి, ఒకే స్వభావమున్న పనికి’ ఒకే కూలి అని. మన చేలల్లో పనిని ముందే ఆడపని, మగపని అని విడగొట్టారు. నాటు, కలుపు, పత్తి తీత మీవి. దున్నడం, గట్లు చెక్కడం, మందు కొట్టడం, కట్టలు మోయడం వారివి. ఒకే పని ఇద్దరూ చేయనప్పుడు పోల్చడానికి చట్టానికి చేయి చిక్కదు. ఏ పని కష్టమైనదో తేల్చేవారు ఎప్పుడూ కూలి ఇచ్చేవారే. నడుము నొప్పికి కొలత లేదు, బస్తా బరువుకు ఉంది.

కానీ అసలు కారణం పనుల పేర్లలో లేదనే నా అభిప్రాయం. మీ ఊరి మగ మనిషికి కైకిలి గిట్టకపోతే పొద్దున్నే బండి మీద మిర్యాలగూడకో సూర్యాపేటకో పోయి, రైస్ మిల్లులో హమాలీగానో, అడ్డా మీద సెంట్రింగ్ పనికో నిలబడగలడు. అతను అలా పోగలడని ఆసామికి తెలుసు, ఆ తెలివిడే అతని రేటును నిలబెడుతుంది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఉండాల్సిన మనిషికి, చీకటి పడ్డాక ఒంటరిగా ఆటో ఎక్కి రావడానికి ఇంట్లో ఒప్పుకోని మనిషికి, ఊరి పొలిమేర దాటి పని లేదు. ఆసామికి అదీ తెలుసు. ఉపాధి హామీ పనిలో ఆడ మగ అన్న తేడా లేకుండా ఒకే రేటు పెట్టడం, పని ఊరికి దగ్గరలోనే ఉండడం అన్న రెండు కారణాల వల్లనే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ పనుల్లో సగానికి పైగా మహిళలే కనిపిస్తూ వచ్చారు. 2023లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన క్లాడియా గోల్డిన్ అమెరికాలో ఉద్యోగినుల రెండు వందల ఏళ్ల చరిత్రను పరిశీలించి, లాయర్ల వంటి చదువుకున్నవారిలో కూడా ఆడ మగ జీతాల ఇప్పటి వ్యత్యాసంలో పెద్ద భాగం మొదటి బిడ్డ పుట్టిన తర్వాత మొదలవుతుందని చూపింది. ఆమె లెక్కల్లోని లాయరమ్మకూ మీకూ ఎంత దూరమో, ఈ ఒక్క విషయంలో అంత దగ్గర.

మీ ప్రాంతంలో గుత్తకు నాట్లు వేసే గుంపులు ఉన్నాయి కదా, వాటిని గమనించండి. ఎకరానికి ఇంత అని మాట్లాడుకుని, తెల్లవారుజామునే మడిలో దిగి, ఒక చేను ముగించి మరో చేనికి పోయే గుంపులో ఒక్కో మనిషి రాబడి, ముమ్మరపు రోజుల్లో మగ కూలిని దాటిపోతుంది. అక్కడ ఆసామి కొనేది ఆడమనిషి రోజును కాదు, నాటిన ఎకరాన్ని. ఎకరానికి ఆడ మగ తేడా లేదు. కాకపోతే గుత్త లెక్కలో పని గంటలు ఎవరూ లెక్కపెట్టరు, నడుము పడిపోయిన మనిషికి గుంపులో చోటు ఉండదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి, ఇది మీరు అడగకపోయినా. కలుపు తీత స్థానంలో కలుపు మందు వచ్చింది, కొడవలి కోత స్థానంలో కోత మిషన్ వచ్చింది, ఇప్పుడు వెదజల్లే సాగు వస్తున్నది. యంత్రం వచ్చిన ప్రతిచోటా ఆడపని మాయమై, దాని స్థానంలో ఒక మగ డ్రైవరో, వీపున మందు డబ్బా వేసుకున్న ఒక మగ కూలీనో మిగులుతున్నాడు. కూలి రేటు పెరిగిందని పత్రికలు రాసే వార్తల్లో, తగ్గిన మీ పని దినాల లెక్క కనిపించదు.

ప్రశ్న: మా అన్నయ్య 2012లో బీటెక్ పూర్తి చేసి సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరినప్పుడు ప్యాకేజీ మూడు లక్షల పైచిలుకు. 2024లో నాకు క్యాంపస్‌లో వచ్చింది మూడున్నర లక్షలు. పన్నెండేళ్లలో అన్నీ పెరిగితే ఫ్రెషర్ జీతం మాత్రం ఎందుకు పెరగలేదు? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: పెరగకపోవడం కాదు, తగ్గింది. 2012ను 100గా తీసుకుని లెక్కించిన వినియోగదారుల ధరల సూచీ 2024 డిసెంబరుకు 195 దాటింది. అంటే మీ మూడున్నర లక్షలతో కొనగలిగిన సరుకులు 2012లో దాదాపు లక్షా ఎనభై వేలకే వచ్చేవి. మీ అన్నయ్యతో పోలిస్తే మీరు ఇంచుమించు సగం జీతానికి చేరారు. డాలరు అప్పట్లో యాభై మూడు రూపాయల చుట్టుపక్కల ఉండేది, 2024లో ఎనభై నాలుగుకు చేరింది; డాలర్లలో బిల్లు వేసే కంపెనీలకు ఆ మేరకు కలిసి వచ్చినా ఆ లాభంలో మీ వాటా లేదు.

కంపెనీకి లాభం వస్తే జీతం పెరుగుతుందని అనుకోవడం వల్ల ఇది అన్యాయంగా తోస్తుంది. లాభం అనేది జీతం ఎంతవరకు పెరగవచ్చో చెప్పే పైగీత మాత్రమే. ఆ గీత కింద అది ఎక్కడ ఆగుతుందన్నది, మీరు కాదంటే కంపెనీకి ఎంత ఇబ్బంది, కంపెనీ కాదంటే మీకెంత ఇబ్బంది అన్న తూకాన్ని బట్టి ఉంటుంది. క్యాంపస్‌లో ఆ తూకం ఏ మాత్రం మీ వైపు మొగ్గదు. అక్కడ కంపెనీ ఇప్పటికే పని వచ్చిన మనిషిని తీసుకోదు, నాలుగైదు నెలలు నేర్పితే నేర్చుకోగల మనిషిని తీసుకుంటుంది. ఆ పాటి మనుషులు మన ఇంజనీరింగ్ కళాశాలల్లో వేలకు వేలు ఉన్నారు, ఒకరికొకరికి తేడా తెలుసుకునే మార్గం కంపెనీకి లేదు, మీరు కాదన్న సీటులో మర్నాడే మరొకరు కూర్చుంటారు. పైగా ఒక్కో కళాశాలకు ఒక్కో కంపెనీ ఒక్కో రోజు వస్తుంది. ఆఫర్ వచ్చినవారిని మరో కంపెనీ పరీక్షకు కూర్చోనివ్వని కళాశాలలు చాలానే ఉన్నాయి. ఇద్దరు కొనుగోలుదారులు ఒకేసారి ఎదురుపడని సంతలో ధర ఎలా పెరుగుతుంది?

ఇది ఊహ కాదని చెప్పడానికి 2021–22 సంవత్సరాలు చాలు. కరోనా తర్వాత ఆన్‌లైన్ పనులు ఒక్కసారిగా పెరిగి, సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీల్లో ఏడాదిలో మానేసి వెళ్లేవారి వాటా నూటికి ఇరవై దాటింది. మూడు నాలుగేళ్ల అనుభవమున్నవారు చేతిలో మూడు ఆఫర్లు పెట్టుకుని, నోటీసు కాలంలో నాలుగోదాని కోసం బేరమాడారు. జీతాలు ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు అయ్యాయి. అదే ఏడాది, అదే కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ మాత్రం ఉన్నచోటనే ఉంది. మరుసటి ఏడాది గిరాకీ తగ్గగానే ఆఫర్ లెటర్ ఇచ్చినవారిని నెలల తరబడి చేర్చుకోకుండా నిలబెట్టారు. ఎదురుచూడడం తప్ప వారికి ఇంకో దారి లేదని తెలిసే అలా చేశారు.

కాబట్టి మొదటి జీతాన్ని చూసి మీ విలువను అంచనా వేసుకోకండి. రెండో కంపెనీ మీ కోసం వచ్చే రోజున మీ జీతం కదులుతుంది. ఆ రోజు త్వరగా రావాలంటే, బాండ్ మీద సంతకం చేసే ముందు అది ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదవండి. ఏడాది జీతంలో ఇరవై వేల తేడా కంటే రెండేళ్ల బాండ్ లేకపోవడం విలువైనది.

ప్రశ్న: దేశంలో నిరుద్యోగం నూటికి మూడు మాత్రమే అని లెక్కలు చెబుతున్నాయి. మా వీధిలోనే డిగ్రీలు చదివి ఖాళీగా ఉన్నవారు అరడజను మంది. ఈ లెక్కను నమ్మడం ఎలా? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్)

జవాబు: లెక్క తప్పు కాదండీ, అది కొలిచేది మీరు అనుకుంటున్నది కాదు. 2023–24 శ్రామిక సర్వే ప్రకారం పదిహేనేళ్లు పైబడినవారిలో నిరుద్యోగం 3.2 శాతం. ఈ లెక్కలో, ఏడాదిలో ఎక్కువ భాగం పని చేసినవారే కాక, ముప్పై రోజులు ఏదో ఒక పని చేసినవారు కూడా పనిలో ఉన్నట్లే. ఇంటి దుకాణంలోనో పొలంలోనో జీతం లేకుండా చేయి వేసినా అది ఉపాధే. వారం లెక్క మరొకటి ఉంది. అందులో గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసి ఉంటే చాలు.

అడ్డా మీద ఒక ఉదయం నిలబడి చూస్తే ఇది అర్థమవుతుంది. ఏడు గంటలకు పెయింటింగ్ బ్రష్షులూ బకెట్టూ ముందు పెట్టుకున్న మనిషి, బైకు ఆపి అడిగినవారికి తన పూర్తి రేటే చెబుతాడు, తగ్గించమంటే తల తిప్పుకుంటాడు. తొమ్మిదికి అదే మనిషి తానే బైకు దగ్గరకు వెళ్తాడు. పది దాటాక సగం రోజు కూలికైనా ఎక్కేస్తాడు, లేదా టిఫిన్ డబ్బా విప్పకుండానే ఇంటికి తిరిగిపోతాడు. వారంలో మూడు రోజులు తిరిగిపోయి, మూడు రోజులు పని దొరికిన ఆ మనిషి సర్వేలో నిరుద్యోగి కాడు. పేదవాడికి నిరుద్యోగిగా ఉండే స్తోమత లేదు. ఏదో ఒకటి చేయకపోతే ఆ పూట గడవదు. మీ వీధిలోని పట్టభద్రులకు తల్లిదండ్రుల ఆసరా ఉంది, గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో కూర్చోగలరు, కాబట్టి వారు నిరుద్యోగులుగా లెక్కకు వస్తారు. అదే సర్వేలో 15–29 ఏళ్లవారి నిరుద్యోగం 10.2 శాతం ఉండడానికి ఇదొక కారణం. నిరుద్యోగం శాతాన్ని ఒక్కదాన్నే చూడకండి. పని చేస్తున్నవారిలో నెల జీతం ఉన్నవారెందరు, సొంతంగా ఏదో చేసుకుంటున్నవారెందరు అన్నది పక్కన పెట్టుకుని చూడండి.

ప్రశ్న: గల్ఫ్‌లో కంపెనీ క్యాంపులో ఉంటున్నాను. నా పక్క మంచం మీది ఫిలిప్పీన్స్ అతనిదీ నాదీ ఒకే పని, అతనికి జీతం ఎక్కువ. కంపెనీ మారితే ఎక్కువ వస్తుందని తెలుసు, మారే వీలు లేదు. కంపెనీ వదిలి బయటపడి, పత్రాలు లేకుండా ఖల్లివెల్లి అయినవాళ్లు మాకంటే ఎక్కువ సంపాదిస్తున్నామంటారు. ఇదెక్కడి న్యాయం? (జగిత్యాల జిల్లాకు చెందిన ఒక పాఠకుడు)

జవాబు: మీ జీతం మీరు పని చేస్తున్న దేశంలో నిర్ణయం కాలేదు, జగిత్యాలలో నిర్ణయమైంది. మిమ్మల్ని ఇంటి నుంచి కదిలించడానికి ఎంత చాలునో, కంపెనీ అంతే ఇచ్చింది. ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, పల్లెల్లో మనుషులు కావలసినంతమంది ఉన్నంతకాలం పట్నపు కర్మాగారం వారికి పల్లె రాబడి మీద కొద్దిగా కలిపి ఇస్తే సరిపోతుందని, కర్మాగారం ఎంత లాభం చేసినా జీతం అక్కడే నిలుస్తుందని చెప్పాడు. మీ విషయంలో పల్లె తెలంగాణలో ఉంది, కర్మాగారం సముద్రం అవతల ఉంది, అంతే తేడా. ఫిలిప్పీన్స్ అతనికి ఇంటి దగ్గర రాబడి మరో రకంగా ఉంటుంది. దానికి తోడు అతని ప్రభుత్వం బేరంలోకి దిగుతుంది. 2006 చివరలో ఆ దేశం, విదేశాలకు వెళ్లే ఇంటిపనివారికి నెలకు కనీసం 400 డాలర్లు ఇవ్వాలని షరతు పెట్టింది. మన ప్రభుత్వమూ గల్ఫ్ దేశాలకు వెళ్లేవారికి కనీస రెఫరల్ వేతనాలు (ఇంతకు తక్కువ జీతానికి పంపబోమన్న హద్దు) నిర్ణయించింది గానీ, కరోనా కాలంలో, 2020 సెప్టెంబరులో, ఉద్యోగాలు పోకుండా ఉంటాయన్న కారణం చెప్పి వాటిని బాగా తగ్గించింది. దీనిపై తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. 2021 జులైలో ఆ తగ్గింపును ఉపసంహరించుకున్నారు.

మీ రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. కఫాలా పద్ధతిలో మీ అకామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, కఫీల్ (మిమ్మల్ని రప్పించిన యజమాని) పేరుతో ముడిపడి ఉంటుంది. అతని వద్ద పని మానేస్తే మీకు ఆ దేశంలో ఉండే హక్కే పోతుంది. ఏజెంటుకు కట్టడానికి నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఊళ్లో పెరుగుతుంటే తిరిగి రావడమూ కుదరదు. అటు మారలేరు, ఇటు రాలేరు. అలాంటి మనిషికి జీతం పెంచవలసిన అవసరం ఏ యజమానికీ కనిపించదు. ఖల్లివెల్లి అయిన మనిషికి ఎక్కువ కూలి రావడంలో వింత ఏమీ లేదు. అతను ఈ రోజు ఈ సైటులో, రేపు మరో సైటులో ఎవరు ఎక్కువ ఇస్తే వారి దగ్గర పని చేస్తాడు. ఆ పెరిగిన కూలిలో పట్టుబడితే జైలు, జబ్బు చేస్తే దిక్కు లేకపోవడం, చనిపోతే శవం ఇంటికి చేరడానికి నెలలు పట్టడం అన్నీ కలిసి ఉన్నాయి. వారి మాట విని మీరు గోడ దూకకండి.

కట్టు సడలితే ఏమవుతుందో కొలిచి చూసిన సందర్భం ఒకటుంది. 2011 జనవరి నుంచి యూఏఈలో, ఒప్పందం గడువు ముగిసిన కార్మికుడు పాత యజమాని అంగీకార పత్రం లేకుండానే మరో యజమాని వద్ద చేరవచ్చని నిబంధన మార్చారు. సురేశ్ నాయుడు, యా న్యార్కో, షింగ్-యీ వాంగ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అక్కడి జీతాల చెల్లింపు వివరాలు తీసి చూస్తే, మార్పు తర్వాత గడువు ముగిసినవారి ఆదాయం పది శాతానికి పైగా పెరిగింది. అందులో నాకు ముఖ్యంగా తోచిన విషయం వేరు: ఆ తర్వాత పాత కంపెనీలోనే కొనసాగినవారి శాతం కూడా పెరిగింది. పోగలడని తెలిసిన మనిషిని నిలుపుకోవడానికి కంపెనీయే జీతం పెంచింది. అయితే కొత్తగా స్వదేశాల నుంచి తెప్పించుకునేవారి సంఖ్య తగ్గింది. ఊళ్లో వీసా కోసం ఎదురుచూస్తున్న మీ తమ్ముడి వయసువాడికి ఆ మేరకు నష్టమే.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. ఖతార్ అయితే, 2020 సెప్టెంబరు నుంచి ఒప్పందం ముగియకముందే, నోటీసు ఇచ్చి, పాత యజమాని అనుమతి పత్రం లేకుండా మారే వీలు చట్టంలో ఉంది. 2021 మార్చి నుంచి అందరికీ నెలకు కనీసం 1,000 రియాళ్ల మూల వేతనం ఉంది, వసతి ఇవ్వకపోతే అదనంగా 500, భోజనం ఇవ్వకపోతే మరో 300 చెల్లించాలి. ఏ దేశమైనా సరే, మీ ఒప్పందం ప్రతిని కంపెనీ దగ్గర వదలకుండా ఫొటో తీసి ఇంటికి పంపించండి, దానిలో గడువు ముగిసే తేదీ ఏమిటో చూసుకోండి. కంపెనీవారు కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టమని సాధారణంగా ఆ తేదీకి ముందే అడుగుతారు. జీతం మాట మాట్లాడవలసింది ఆ సంతకానికి ముందు.